పాత కారులో హ్యాండ్‌బ్రేక్ పట్టేసిందా?

మారుతి 800 లాంటి పాత బళ్లలో లివర్ దించినా వెనక చక్రం పట్టుకునే ఉంటే ముందు తప్పు కేబుల్‌దా (లివర్ నుంచి చక్రానికి వెళ్లే తీగ), డ్రమ్ముదా (చక్రంలో బ్రేకును కప్పి ఉండే గుండ్రటి డబ్బా) తేల్చుకోండి. ముందు చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టి, వెనక భాగం జాకీతో లేపి స్టాండ్ మీద నిలపండి. కేబుల్ డ్రమ్ములోకి వెళ్లే చోట దాన్ని చేత్తో వెనక్కి తోయండి. చక్రం వదిలితే తప్పు కేబుల్‌ది: తొడుగు చిరిగి నీళ్లు దిగి లోపలి తీగ తుప్పు పట్టింది. నూనె పోస్తే కొన్నాళ్లు ఆడుతుంది, మళ్లీ పట్టేస్తుంది. మార్చడమే మేలు.

అప్పటికీ వదలకపోతే డ్రమ్ము విప్పాలి. ఎక్కువగా షూకి (డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి చక్రాన్ని ఆపే వంపు ముక్క) ఉండే చిన్న లివర్ పిన్ను బిగుసుకుపోతుంది. తుప్పు గీకి, పిన్నుకీ, షూ వెనక పలకకి ఆనే చోట్లకీ వేడికి కరగని బ్రేక్ గ్రీజు పలుచగా రాయండి. షూ మీద రాపిడికి ఉండే పొరకి, అంటే లైనింగ్‌కి, తగలనివ్వొద్దు. దుమ్ము ఊదకండి, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవండి.

వాన తర్వాత రోజులు నిలిపిన బండికి షూలు డ్రమ్ముకే అతుక్కుంటాయి. బలవంతంగా ముందుకు లాగితే లైనింగ్ ఊడుతుంది. డ్రమ్ము అంచు మీద రబ్బరు సుత్తితో తట్టండి. ఎక్కువ రోజులు నిలపాలంటే చదును చోట, గేర్‌లో, చక్రాలకు రాళ్లు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేయకుండా ఉంచండి.