వీఆర్ కార్యక్రమాన్ని స్ట్రీమర్ల కోసం ప్రత్యక్ష ప్రసారం చేయడం ఎలా?

వర్చువల్ రియాలిటీలో (వీఆర్, అంటే కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుని లోపలికి వెళ్లే కంప్యూటర్ లోకంలో) కట్టిన వేదిక కన్నులపండువగా ఉంటుంది. రంగురంగుల దీపాలు, గాలిలో తేలే మెట్లు, నెలల తరబడి కూర్చుని తయారుచేసిన అవతార్లు, అంటే ఆ లోకంలో మన తరఫున కనిపించే బొమ్మలు. తీరా ప్రసారం మొదలయ్యాక వ్యాఖ్యాత మాట రెండుసార్లు వినిపిస్తుంది. పాట ముందు, పెదవులు వెనుక. చూసేవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతారు. అంత శ్రమా ఇలా నేలపాలు కావడం నేను చాలాసార్లు చూశాను. కొన్నిసార్లు మధ్యలో పిలిస్తే వెళ్లి సరిచేశాను కూడా. దాదాపు ప్రతిసారీ తప్పు ఒకే చోట జరుగుతోంది, శబ్దం దగ్గర. అందుకని మిగతా దశలను త్వరగా చెప్పేసి, అక్కడ మాత్రం ఆగి వివరంగా చెబుతాను.

మొదలుపెట్టే ముందు ఒక విషయం మనసులో స్థిరపరచుకోండి. హెడ్‌సెట్ పెట్టుకుని మీ వేదిక ముందు నిలబడేవాళ్లు పదుల్లో ఉంటారు. ఫోనులోనో కంప్యూటర్ తెర మీదో చూసేవాళ్లు అంతకు ఎన్నో రెట్లు ఉంటారు. ఫ్రెంచ్ సంగీతకారుడు జాన్ మిషెల్ జార్ 2020 డిసెంబరు 31 రాత్రి వర్చువల్ నోత్రదామ్ చర్చిలో కచేరీ చేసినప్పుడు కూడా ఎక్కువ మంది చూసింది మామూలు తెరల మీదే. కాబట్టి ఏ నిర్ణయమైనా ఆ తెర ముందు కూర్చున్న మనిషి కోసమే తీసుకోండి.

1. కావలసినవి

రెండు కంప్యూటర్లు కావాలి. ఒకటి కెమెరాకు, ప్రసారానికి. రెండోది ప్రేక్షకుల సందడి వినడానికి. దాని సంగతి తర్వాత చెబుతాను. రెండింటికీ ఇంటర్నెట్ తీగతోనే రావాలి, వైఫై వద్దు. ప్రసారానికి ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ చాలు, అది ఉచితం. 1080పి చిత్రం, సెకనుకు 60 ఫ్రేములు, సెకనుకు 6000 కిలోబిట్ల స్థిర బిట్‌రేట్ (డేటా పంపే వేగం), రెండు సెకన్లకు ఒక కీఫ్రేము (పూర్తి చిత్రం ఉన్న ఫ్రేము) పెట్టండి. మీ అప్‌లోడ్ వేగం దీనికి కనీసం రెట్టింపు ఉండాలి. రికార్డింగ్ ఎంకేవీ రకం ఫైలులోనే చేయండి. మామూలు ఎంపీ4లో చేస్తుండగా కంప్యూటర్ ఆగిపోతే ఫైలు మొత్తం పోయే ప్రమాదం ఉంది.

మనుషులు నలుగురు కావాలి: నిర్వాహకుడు, కెమెరా చూసేవారు, శబ్దం చూసేవారు, తలుపు దగ్గర ఉండి అల్లరి చేసేవాళ్లను బయటికి పంపేవారు. ముగ్గురితో సరిపెట్టుకుంటే శబ్దం చూసే మనిషే తలుపు దగ్గరికి పరుగెత్తవలసి వస్తుంది. శబ్దం దగ్గరి మనిషిని మాత్రం కదిలించకూడదు.

వేదికను వీఆర్‌చాట్ అనే వీఆర్ ప్లాట్‌ఫారంలో కట్టినా మరెక్కడ కట్టినా మూల ఫైళ్లు మీ దగ్గర ఒక ప్రతి ఉంచుకోండి. అలాంటిదే మరో ప్లాట్‌ఫారం, ఆల్ట్‌స్పేస్ వీఆర్, 2023 మార్చి 10న మూతపడింది. ప్లాట్‌ఫారం శాశ్వతమని నమ్మి పని అంతా అక్కడే దాచుకోవడం మంచిది కాదు.

2. వేదిక, అవతార్లు

హెడ్‌సెట్ 90 హెర్ట్జ్ వద్ద, అంటే సెకనుకు 90 ఫ్రేములు చూపుతూ పనిచేస్తుంటే ఒక్కో ఫ్రేము గీయడానికి కంప్యూటర్‌కు దొరికేది దాదాపు 11 మిల్లీసెకన్లు. బరువైన అవతార్లు పది చేరితే ఆ సమయం చాలదు. చిత్రం ముక్కలు ముక్కలుగా కదులుతుంది. అవతార్ బరువుకు హద్దు పెట్టి, ఆ సంగతి ఆహ్వానంలోనే రాయండి. కాంతి మెరుపులు సెకనుకు మూడుకు మించకూడదు. ఇది అందానికి సంబంధించిన మాట కాదు, కొందరికి మెరుపుల వల్ల మూర్ఛ వస్తుంది.

3. కెమెరా

కెమెరా పట్టే మనిషి హెడ్‌సెట్ పెట్టుకోకూడదు. ఈ మాట చెప్పగానే చాలామంది నొచ్చుకుంటారు, వీఆర్ కార్యక్రమాన్ని వీఆర్ లోపలి నుంచే తీయాలి కదా అంటారు. మెడ మీద తల ఎప్పుడూ స్థిరంగా ఉండదు. హెడ్‌సెట్‌లో ఉన్నవారికి ఆ కదలిక తెలియదు. తెర మీద చూసేవారికి అది తెలుస్తుంది, కొద్దిసేపటికి కడుపులో తిప్పుతుంది. హెడ్‌సెట్‌లో ఒక కంటికి కనిపించే దృశ్యాన్ని యథాతథంగా ప్రసారం చేసేవారు పెద్ద తెర మీద పది నిమిషాలు దాన్నే చూస్తే వాళ్లకే అర్థమవుతుంది. మామూలు కంప్యూటర్ నుంచి కీబోర్డు, మౌసుతో లోపలికి వచ్చి ప్లాట్‌ఫారంలో ఉన్న కెమెరాను వాడండి. కదలికను మృదువు చేసే సదుపాయం ఉంటే పూర్తిగా పెంచండి.

చోట్లు మూడు చాలు: వేదిక మొత్తం కనిపించే దూరపు చోటు, నడుము పైభాగం కనిపించే దగ్గరి చోటు, ప్రేక్షకుల వెనుక నుంచి కదిలే చోటు. దృశ్యం మార్చాక ఎనిమిది సెకన్లయినా అక్కడే ఉండండి. అంతకంటే త్వరగా మారిస్తే అవతార్ల లోకంలో ఎవరు ఎక్కడున్నారో చూసేవారికి అందదు.

4. శబ్దం

ఇక్కడ నెమ్మదిగా చదవండి. కార్యక్రమానికి ముందు మళ్లీ చదవండి.

వేదిక మీద ఒకరు పాడుతున్నారనుకుందాం. ఆ గొంతు మీ ప్రసారానికి మూడు దారుల్లో రావచ్చు. ఒకటి, ప్లాట్‌ఫారంలోని సంభాషణ ద్వారా. రెండు, వాళ్ల మైకు నుంచి ప్లాట్‌ఫారంతో పని లేకుండా సూటిగా మీకు పెట్టుకున్న నేరు లంకె ద్వారా. మూడు, వేదిక మీద ఉన్న వీడియో ప్లేయర్ ద్వారా. ఒక్కో దారిలో ఆలస్యం ఒక్కో రకంగా ఉంటుంది. వీడియో ప్లేయర్ చాలాసార్లు కొన్ని సెకన్లు వెనుకబడుతుంది. ఈ మూడింటిలో ఏ రెండు కలిసినా ప్రతిధ్వని పుడుతుంది. తేడా చాలా తక్కువగా ఉంటే ప్రతిధ్వని వినపడదు కానీ గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు మారిపోతుంది. అలాంటప్పుడు చాలామంది మైకుదే లోపమనుకుని మైకు మారుస్తారు.

నియమం ఇది. పాట, వాద్యం, మాట, ఏదైనా సరే, పుట్టినచోటే కలపండి. కలిపినదాన్ని ఒకే దారిలో తెచ్చుకోండి. మిగతా దారులన్నీ మూసేయండి.

పుట్టినచోట అంటే పాడేవారి కంప్యూటర్‌లో. ఆమె నేపథ్య సంగీతాన్ని వింటూ పాడుతుంది, కాబట్టి ఆ రెండూ సరిగ్గా కలిసి ఉండేది ఆమె దగ్గర మాత్రమే. సంగీతాన్ని మీరు వేసి, గొంతును ఆమె దగ్గర నుంచి తెచ్చుకుంటే తాళం తప్పుతుంది. పైగా నెట్‌వర్క్ ఆలస్యం నిమిషానికో తీరుగా మారుతుంది గనుక మీరు ఎంత సర్దినా అది నిలవదు. ఈ పద్ధతిలో కచేరీ చేయబోయి మూడో పాటకే ఆపేసిన ఒక బృందాన్ని నేను దగ్గరుండి చూశాను. గాయని కన్నీళ్లు పెట్టుకుంది. తప్పు ఆమెది కాదు.

కలిపిన శబ్దం నేరు లంకెలోనే రావాలి. ప్లాట్‌ఫారం సంభాషణ ద్వారా తీసుకుంటే ఇబ్బందులు రెండు. మాట కోసం చేసిన కుదింపు, శబ్ద నివారణ కలిసి వీణ మోగినా వేణువు పలికినా అడ్డంగా కోసేస్తాయి. దానికితోడు, చాలా ప్లాట్‌ఫారాల్లో శబ్దం వినేవారి అవతార్ నిలబడిన చోటును బట్టి మారుతుంది. కెమెరా మనిషి ఎడమకు తిరిగితే గొంతు కుడి చెవికి జారుతుంది, దూరం జరిగితే సన్నబడుతుంది. వీఆర్‌లో వినిపించేదే సహజమైన శబ్దం, దాన్నే ప్రసారం చేయాలి అనే వాదన ఒకటి ఉంది. లోపల ఉన్నవారికి అది సహజమే. తెర ముందు ఉన్నవారికి మాత్రం గాయని దూరమై మళ్లీ దగ్గరవుతున్నట్టు ఉంటుంది. ఆ వాదనను నేను ఒప్పుకోను.

పాడేవారు తీగ ఉన్న ఇయర్‌ఫోన్లు చెవుల్లోపల పెట్టుకోవాలి. చాలా హెడ్‌సెట్ల స్పీకర్లు పట్టీలోనే తెరిచి ఉంటాయి. వాటిలోంచి వచ్చే చప్పుడు మళ్లీ మైకులోకి వెళ్లి, మీరు మూసిన దారి వెనుక నుంచి తెరుచుకుంటుంది. ఈ విషయంలో ఎవరికీ మినహాయింపు ఇవ్వకండి.

ఇక మూయడం. ఓబీఎస్‌లో డెస్క్‌టాప్ ఆడియో సాధారణంగా ముందే తెరిచి ఉంటుంది. దాన్ని తగ్గించడం కాదు, అమరికల్లోకి వెళ్లి పూర్తిగా తీసేయండి. తగ్గించి ఉంచితే ఎవరో ఒకరు పొరపాటున మళ్లీ పైకి లాగుతారు.

అలా తీసేస్తే ప్రేక్షకుల చప్పట్లు, కేకలు కూడా పోతాయి. అవి లేని కచేరీ ఖాళీ గదిలో జరిగినట్టుంటుంది. రెండో కంప్యూటర్ ఇందుకే. దానిలో వేరే ఖాతాతో లోపలికి వచ్చి, ఒక అవతార్‌ను జనం మధ్యలో కదలకుండా నిలబెట్టండి. ఆ ఖాతాలో పాడేవారిని, వ్యాఖ్యాతను ఒక్కొక్కరిని విడిగా మ్యూట్ చేయండి; వేదిక మీద వీడియో ప్లేయర్ ఉంటే దాన్నీ మూయండి. ఇప్పుడు ఆ చెవికి వినిపించేది జనం మాత్రమే. దాన్ని మోనో (ఎడమ కుడి తేడా లేని ఒకే శబ్దం) చేసి, తక్కువ స్థాయిలో ప్రసారంలో కలపండి. పాడేవారు మధ్యలో నెట్‌వర్క్ తెగి తిరిగి లోపలికి వచ్చారంటే, మ్యూట్ అలాగే ఉందో లేదో వెంటనే చూసుకోండి.

చివరగా శబ్దాన్ని చిత్రంతో కలపడం. అవతార్ కదలిక కూడా నెట్‌వర్క్ మీదుగానే వస్తుందని మరిచిపోతారు. కదలిక నునుపుగా కనిపించడానికి ప్లాట్‌ఫారం దాన్ని మరికాస్త ఆపి చూపిస్తుంది. అందువల్ల నేరు లంకెలో వచ్చిన శబ్దం చాలాసార్లు చిత్రం కంటే ముందుంటుంది. ఎంత ముందుందో చెవితో అంచనా వేయకండి, కొలవండి. పాడేవారిని హెడ్‌సెట్‌తో కెమెరా ముందు నిలబెట్టి, రెండు చేతులూ దగ్గరకు తెచ్చి తాకించమనండి. తాకిన క్షణంలోనే నోటితో ‘టక్’ అనమనండి. అలా పదిసార్లు చేయించి రికార్డు చేయండి. తర్వాత ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూడండి. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేము దాదాపు 17 మిల్లీసెకన్లు. శబ్దం 12 ఫ్రేములు ముందుంటే 200 మిల్లీసెకన్లు. పది కొలతలను చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చి, మధ్యలో ఉన్న రెండింటి సగటును ఓబీఎస్ ఆడియో అమరికల్లో ఆ శబ్దానికి సింక్ ఆఫ్‌సెట్‌గా (శబ్దాన్ని ఆపి ఉంచే సమయంగా) రాయండి. పాడేవారు ముగ్గురుంటే ముగ్గురికీ వేరువేరుగా కొలవాలి. ఎవరి నెట్‌వర్క్ వారిది. శబ్దం వెనుకబడితే మాత్రం చిత్రాన్ని ఆపాలి. దానికి రెండర్ డిలే ఫిల్టర్ ఉంది కానీ అది 500 మిల్లీసెకన్లకు మించి ఆపలేదు. అంతకంటే ఎక్కువ అవసరమైతే లంకె మార్చండి.

మిల్లీసెకను దాకా గురి కుదరదు, కుదరకపోయినా ఫరవాలేదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సిఫారసు ప్రకారం శబ్దం 45 మిల్లీసెకన్లు ముందుంటే మనిషి పసిగట్టగలడు, వెనుకబడితే మాత్రం 125 దాకా పసిగట్టలేడు. ఉరుము మెరుపు తర్వాతే వినిపిస్తుంది కదా, మన బుర్ర దానికి అలవాటు పడింది. కాబట్టి అనుమానం వస్తే శబ్దాన్ని కాస్త వెనక్కే ఉంచండి.

అన్ని చోట్లా శాంపిల్ రేటు (శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తారో ఆ లెక్క) 48 కిలోహెర్ట్జ్ ఉందో లేదో చూడండి. ఒకచోట 44.1 ఉంటే మొదట్లో కుదిరిన లెక్క గడిచేకొద్దీ జారిపోవచ్చు. అరగంట నడిపి ‘టక్’ పరీక్ష మళ్లీ చేయండి. ఈ రెండో పరీక్షను వదిలేసేవారే ఎక్కువ.

5. స్ట్రీమర్లకు ఇవ్వవలసింది

ప్రతి స్ట్రీమరూ, అంటే తన ఛానెల్‌లో ప్రత్యక్ష ప్రసారం చేసే ప్రతి మనిషీ, తన హెడ్‌సెట్‌తో లోపలికి వచ్చి తనకు తోచినట్టు చూపించడం కంటే, మీరు సిద్ధం చేసిన శుభ్రమైన ప్రసారాన్ని వాళ్లకు ప్రైవేటు లంకెలో ఇవ్వడమే సరైన పద్ధతి. దాని మీద పేర్లు, ప్రకటనలు, చాట్ (ప్రేక్షకులు రాసే సందేశాలు) ఏవీ ఉండకూడదు. కుడివైపు కింది మూల ఖాళీగా ఉంచండి, స్ట్రీమర్ తన ముఖం అక్కడే పెట్టుకోవాలి. మీ ప్రసారం తీసుకున్నవారు వీఆర్ వేదికలోని శబ్దాన్ని తెరవకూడదని ఒక పేజీలో స్పష్టంగా రాసి ముందురోజే పంపండి. లేకపోతే మీరు మూసిన దారిని వాళ్లు తెరుస్తారు, ప్రతిధ్వని వాళ్ల ప్రేక్షకులకు వినిపిస్తుంది, నింద మీకు వస్తుంది.

సంగీతం హక్కులు ముందే తేల్చుకోండి. యూట్యూబ్‌లో హక్కులున్న పాటలను గుర్తించే కంటెంట్ ఐడీ పట్టుకుంటుంది, ట్విచ్ అనే ప్రత్యక్ష ప్రసార సైటులో నిల్వ వీడియోలో శబ్దం మూగబోవచ్చు. ఆ నష్టం స్ట్రీమర్‌కు. హక్కులు లేని పాట ఒక్కటి ఉన్నా కార్యక్రమంలో నుంచి తీసేయండి.

చాట్‌లో జవాబులు చాలా సెకన్లు ఆలస్యంగా వస్తాయి. వ్యాఖ్యాత ప్రశ్న అడిగి మౌనంగా ఎదురుచూడకూడదు. అడిగి, వేరే మాట మాట్లాడి, తర్వాత చాట్ చదవాలి.

6. ఆ రోజు

మూడు గంటల ముందు అప్‌డేట్‌లన్నీ ఆపి, కంప్యూటర్లను ఒకసారి ఆపి మొదలుపెట్టండి. తీగ లేని హెడ్‌సెట్ల బ్యాటరీ ఎక్కువగా రెండు మూడు గంటలే వస్తుంది, కాబట్టి వేదిక ఎక్కేదాకా ఛార్జింగ్‌లోనే ఉంచండి. గంట ముందు ‘టక్’ పరీక్ష చేయండి. ఏదైనా తెగిపోతే వేయడానికి ఒక నిశ్చల చిత్రం, హక్కులున్న ఒక పాట సిద్ధంగా ఉంచండి. స్ట్రీమర్లకు దాని సంగతి ముందే చెప్పండి.

ముగిసిందని వ్యాఖ్యాత చెప్పాక ముందు మైకులన్నీ మూయండి, తర్వాత వేదిక దృశ్యాన్ని అరనిమిషం అలాగే ఉంచండి. ఆ అరనిమిషంలో స్ట్రీమర్లు తమ ప్రేక్షకులకు వీడ్కోలు చెప్పుకుంటారు. అందరూ చెప్పారని తలుపు దగ్గరి మనిషి సైగ చేశాకే ప్రసారం ఆపి, రికార్డింగ్‌ను రెండో కంప్యూటర్‌లోకి కూడా ఎక్కించి లేవండి.