డబ్బులు కట్ అయ్యాయా? ముందు ఆ ఎంట్రీ చదవండి

బ్యాంకు కౌంటర్ దగ్గరకెళ్లి "నా డబ్బులు కట్ అయ్యాయి మేడమ్" అంటే "సిస్టమే కట్ చేసింది" అనే జవాబే వస్తుంది. అదే "14వ తేదీన 295 రూపాయలు, ఏసీహెచ్ రిటర్న్ అని ఉంది, ఏ కంపెనీది?" అని అడిగి చూడండి. ఎదుటివాళ్లు కంప్యూటర్ వైపు తిరగక తప్పదు. ఏసీహెచ్ రిటర్న్ అంటే, ఖాతాలోంచి దానంతటదే కట్ కావాల్సిన కిస్తీ (ఆటో డెబిట్) డబ్బు లేక వెనక్కి పోవడం. కాబట్టి మొదటి పని పాస్‌బుక్‌లో కనీసం మూడు నెలల ఎంట్రీలు వేయించుకోవడం.

ఎంట్రీలో వివరం అర్థం కాకపోతే చిన్న లెక్క ఒకటుంది. కట్ అయిన మొత్తాన్ని 1.18తో భాగించండి. పైసలు లేకుండా 250, 500 లాంటి నిండు అంకె వస్తే అది దాదాపుగా బ్యాంకు చార్జీయే, మిగతాది 18 శాతం జీఎస్టీ. 295 అంటే 250 చార్జీ, 45 జీఎస్టీ. 590 అంటే 500. 17.70 అంటే 15, ఇది ఎక్కువగా ఎస్సెమ్మెస్ చార్జీ అయి ఉంటుంది. అలా నిండు అంకె రాకపోతే బ్యాంకు చార్జీ కాకుండా బీమా ప్రీమియమో, ఏదో యాప్‌కు మీరు ఒప్పుకున్న ఆటోపేనో అయి ఉండొచ్చు.

లక్షణం: డబ్బు పడిన రోజే అందులో కొంత పోతోంది

మన వైపు చాలామందికి డబ్బు నెలనెలా రాదు. టంగుటూరు, కొండపి వేలం కేంద్రాల్లో పొగాకు అమ్మిన రైతుకైనా, నెల్లూరు చుట్టుపక్కల వరి కోసిన రైతుకైనా, చెరువు పట్టిన రొయ్యల రైతుకైనా ఏడాదిలో ఒకటి రెండుసార్లే పెద్ద మొత్తం పడుతుంది. మిగతా నెలల్లో ఖాతాలో రెండు మూడొందలే ఉంటాయి. ఆ ఖాతాకు మినిమమ్ బ్యాలెన్స్ నిబంధన ఉంటే ప్రతి నెలా జరిమానా లెక్క పెరుగుతూ ఉంటుంది. పంట డబ్బు పడగానే అంతా కలిపి ఒకేసారి లాగేస్తారు.

ఆర్‌బీఐ నిబంధన ప్రకారం బ్యాలెన్స్ తగ్గిందని ముందుగా తెలియజేసి, సరిచేసుకోవడానికి నెల రోజులు గడువివ్వాలి. ఆ తర్వాతే జరిమానా. ఎంత తగ్గితే దానికి తగినంతే వేయాలి. మినిమమ్ బ్యాలెన్స్ జరిమానా కారణంగానే ఖాతా మైనస్‌లోకి పోకూడదు. 2015 ఏప్రిల్ నుంచి ఇవి అమల్లో ఉన్నాయి. మెసేజ్ రాలేదంటే అడిగే హక్కు మీకుంది. కాకపోతే మెసేజ్ వెళ్లేది బ్యాంకులో ఉన్న నంబరుకు. ఎప్పుడో పారేసిన సిమ్ నంబరే అక్కడ ఉంటే మీ వాదన నిలబడదు. ఇవాళే వెళ్లి నంబరు మార్పించండి.

పరిష్కారాల్లో సులువైనది, ఈ చార్జీయే లేని చోటికి మారడం. స్టేట్ బ్యాంక్ 2020లోనే సేవింగ్స్ ఖాతాలకు దీన్ని ఎత్తేసింది. 2025లో కెనరా, పంజాబ్ నేషనల్, ఇండియన్ బ్యాంక్, బ్యాంక్ ఆఫ్ బరోడా కూడా అదే దారి పట్టాయి. బ్యాంకు మారడం ఇష్టం లేకపోతే ఉన్న ఖాతానే బేసిక్ సేవింగ్స్ ఖాతాగా మార్చమని రాసివ్వండి. జనధన్ ఖాతాలు కూడా ఈ కోవలోవే. మినిమమ్ బ్యాలెన్స్ ఉండదు, నెలకు 4 విత్‌డ్రాయల్స్ ఉచితం, ఏటీఎం కార్డుకు ఏటా డబ్బు కట్టక్కర్లేదు. అదే బ్యాంకులో ఇంకో సేవింగ్స్ ఖాతా మాత్రం ఉండకూడదు.

ఈ రెండూ కుదరనివాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చాలా బ్యాంకులు చూసేది నెల సగటును, ఏదో ఒక రోజు బ్యాలెన్స్‌ను కాదు. సగటున 5,000 ఉండాలనుకోండి. 20 రోజులు ఖాతా ఖాళీగా ఉన్నా చివరి 10 రోజులు 15,000 ఉంచితే లెక్క సరిపోతుంది. ఇరవయ్యో తేదీన మేల్కొన్నా ఆ నెల గట్టెక్కొచ్చు.

ఇందులోనే ఇంకో రకం ఉంది. చెన్నైలోనో శ్రీసిటీలోనో ఉద్యోగం చేసి మానేసిన పిల్లల పాత శాలరీ ఖాతాలు. కొన్ని నెలలు జీతం పడకపోతే అది మామూలు ఖాతా అయిపోతుంది, జీరో బ్యాలెన్స్ సౌకర్యం పోతుంది. అక్కర్లేని ఖాతాను ఊరికే వదిలేయకండి, మూయించండి. ఏడాది దాటిన ఖాతా మూయడానికి చాలా బ్యాంకులు చార్జీ తీసుకోవు. రెండేళ్లు లావాదేవీ లేక నిద్రాణమైన ఖాతాలకైతే 2024 ఏప్రిల్ నుంచి మినిమమ్ బ్యాలెన్స్ జరిమానా వేయకూడదు, మళ్లీ తెరిపించుకోవడానికీ డబ్బు అడగకూడదు.

లక్షణం: కిస్తీ కట్టాక కూడా 295, 590 పోతున్నాయి

బండి లోన్ గానీ, ఫోన్ లోన్ గానీ ఉన్న ఇంట్లో ఇది మామూలు. కిస్తీ 5వ తేదీ, జీతం 7వ తేదీ. 5న ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ వెనక్కి పోతుంది. అప్పుడు చార్జీ ఒక చోట కాదు, రెండు చోట్ల పడుతుంది. మీ బ్యాంకు రిటర్న్ చార్జీ వేస్తుంది, ఫైనాన్స్ కంపెనీ బౌన్స్ చార్జీ వేస్తుంది. తర్వాత మీరు కిస్తీ కట్టినా ఈ రెండూ అలాగే ఉంటాయి.

"5వ తేదీ ఆదివారం కదా, సోమవారం వేద్దాంలే" అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2021 ఆగస్టు 1 నుంచి ఈ ఆటో డెబిట్లు ఆదివారం, పండగ అన్న తేడా లేకుండా అన్ని రోజులూ నడుస్తున్నాయి. సంక్రాంతి రోజైనా అంతే. ముందు రోజు సాయంత్రానికే డబ్బు ఖాతాలో ఉండాలి.

కిస్తీ తేదీని జీతం తర్వాతకు మార్చమని ఫైనాన్స్ కంపెనీని అడగొచ్చు, చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. లోన్ తీరిపోయాక ఆటో డెబిట్‌కు మీరిచ్చిన అనుమతిని (మాండేట్‌ను) రద్దు చేయించడం మర్చిపోవద్దు. ఇంకో మాట: కిస్తీ ఆలస్యమైతే వేసే పెనాల్టీని వడ్డీ రేటులో కలపడం, ఆ పెనాల్టీ మీద మళ్లీ వడ్డీ వేయడం 2024 నుంచి కుదరదు. లోన్ స్టేట్‌మెంట్ తీసుకుని ఆ ఒక్క వరుసా సరిచూడండి.

పంట లోన్, డ్వాక్రా లోన్ ఉన్నవాళ్లు ఇది కూడా చూడాలి. ప్రాధాన్య రంగం (వ్యవసాయం లాంటివి) కింద 50 వేల లోపు రుణానికి సర్వీస్ చార్జీ, ఇన్‌స్పెక్షన్ చార్జీ వేయకూడదు. 2025 ఏప్రిల్‌కు ముందు ఈ పరిమితి 25 వేలు. గ్రూపు లోన్ అయితే ఈ లెక్క ఒక్కో సభ్యురాలికి, మొత్తం గ్రూపుకు కాదు. సంఘం లీడర్లలోనే చాలామందికి ఈ సంగతి తెలియదు.

లక్షణం: మే నెలాఖరులో 436, 20 పోయాయి

ఇవి చార్జీలు కావు, బీమా. 436 జీవన్ జ్యోతి (జీవిత బీమా), 20 సురక్షా బీమా (ప్రమాద బీమా). జూన్ 1 నుంచి మే 31 వరకు ఏడాది. నా మాటైతే, వయసు సరిపోయేవాళ్లు వీటిని ఉంచుకోవడమే మంచిది, ఆ డబ్బుకు 2 లక్షల బీమా బయట దొరకదు. తంటా ఎక్కడంటే, మూడు బ్యాంకుల్లో ఖాతాలున్న మనిషికి మూడు చోట్లా 436 కట్ అవుతూ ఉంటుంది. ఎన్ని చోట్ల కట్టినా క్లెయిమ్ ఒక్కటే. ఒకటి ఉంచి, మిగతా బ్రాంచీల్లో వద్దని మే నెలకు ముందే రాసివ్వండి. ఉంచుకున్నదాని సంగతి ఇంట్లోవాళ్లకు చెప్పండి, లేకపోతే కట్టిందంతా దండగ.

లోన్ ఇచ్చేటప్పుడు పాలసీ అంటగట్టారా? జీవిత బీమా అయితే పాలసీ పత్రం చేతికొచ్చిన 30 రోజుల్లోపు వెనక్కిచ్చేయొచ్చు. వినకపోతే 155255కు ఫోన్ చేయండి, అది బీమా నియంత్రణ సంస్థ నంబరు.

లక్షణం: ఏటీఎంకు వెళ్తే చార్జీ

నెల్లూరు, ఒంగోలు, కావలిలో వేరే బ్యాంకు ఏటీఎం నెలకు 5 సార్లు ఉచితం. ఆసుపత్రి పని మీద చెన్నై వెళ్తే అక్కడ 3 సార్లే, మెట్రో నగరం కదా. ఆపైన ఒక్కోసారికి 23 రూపాయల దాకా, జీఎస్టీతో 27.14. వేరే బ్యాంకు మిషన్‌లో బ్యాలెన్స్ చూసినా ఒక సారి లెక్కే. ఫోన్‌లో చూసుకోండి. ఖాతాలో చాలినంత లేకుండా డబ్బు తీయబోయినా చాలా బ్యాంకులు చార్జీ వేస్తాయి.

మిషన్‌లో క్యాష్ లేక, లింక్ పోయి ఆగిపోయిన లావాదేవీ మీ లెక్కలోకి రాదు. డబ్బు బయటికి రాకుండా ఖాతాలో కట్ అయితే 5 రోజుల్లో వాపసు రావాలి. దాటితే రోజుకు 100 రూపాయలు పరిహారం. ఆ స్లిప్ పారేయకండి.

బ్యాంకు బయటివి

వెంకటాచలం, టంగుటూరు టోల్ గేట్ల దగ్గర చెల్లే ఫాస్టాగ్ లేకపోతే మామూలు టోల్ కన్నా ఎక్కువ కట్టాలి. 2025 నవంబరు 15 నుంచి యూపీఐతో కడితే మామూలు టోల్‌కు ఒకటింబావు వంతే, ఇది గేటు దగ్గర మీరే గుర్తు చేయాల్సి రావచ్చు. కారు ఇంట్లో ఉండగా టోల్ కట్ అయితే ట్యాగ్ ఇచ్చిన బ్యాంకులో, 1033లో ఫిర్యాదు చేయండి.

గ్యాస్ బండకు బిల్లు మీదున్న మొత్తంలోనే డెలివరీ ఖర్చు కలిసి ఉంటుంది. ఎండలో మూడో అంతస్తుకు మోసుకొచ్చినవాడికి మీరు ఇష్టంగా ఇస్తే వేరే సంగతి, డిమాండ్ చేస్తే 18002333555. ఫోన్ బ్యాలెన్స్‌లో కాలర్ ట్యూన్ల పేరుతో పోతుంటే 155223. కరెంటు బిల్లు యాప్‌లో దొరకడం లేదా? ఒంగోలు వైపు ఏపీసీపీడీసీఎల్, నెల్లూరుకు ఏపీఎస్పీడీసీఎల్. యాప్ ప్లాట్‌ఫామ్ ఫీజు అడిగితే ఆ కరెంటు సంస్థ సొంత యాప్‌లో కట్టండి.

చెప్పినా తిరిగి వేయకపోతే

నోటిమాటగా ఎన్నిసార్లు అడిగినా లెక్కలోకి రాదు. తెల్లకాగితం మీద ఖాతా నంబరు, తేదీ, మొత్తం, పాస్‌బుక్‌లో ఉన్న వివరం ఉన్నదున్నట్టు రాసి, "ఏ నిబంధన కింద కట్ చేశారో, నాకు ముందుగా ఎప్పుడు తెలియజేశారో చెప్పగలరు" అని అడగండి. రెండో కాపీ మీద ముద్ర, సంతకం వేయించుకోండి. ముద్ర వేయనంటే అదే ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులో పంపండి, లేదా బ్యాంకు యాప్‌లో ఫిర్యాదు పెట్టి నంబరు తీసుకోండి. చాలాసార్లు పని ఇక్కడే అయిపోతుంది.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఆర్‌బీఐ ఫిర్యాదుల వెబ్‌సైట్ అయిన సీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. సాయానికి 14448. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. బ్యాంకుకు ఇవ్వకుండా నేరుగా ఇక్కడికొస్తే మాత్రం తిప్పి పంపేస్తారు, అందుకే ఆ ముద్ర ఉన్న కాపీ. బ్యాంకు కాని షాపులు, కంపెనీలైతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే నెల్లూరులో, ఒంగోలులో జిల్లా వినియోగదారుల కమిషన్లున్నాయి. మీరు కొన్నదాని విలువ 5 లక్షల లోపైతే కేసు వేయడానికి అక్కడా ఫీజు లేదు.