రాగి తీగను స్టీలుకు అతికించాలంటే

శ్రీకాకుళంలో మోటారు రిపేర్లు నేర్చుకుంటున్న కుర్రాళ్లకు ఒక మాట. ఫ్రిజ్ రాగి గొట్టాలకు వాడే ఫాస్ఫరస్ కడ్డీతో రాగిని స్టీలుకు అతికించొద్దు. అతుకు చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఫాస్ఫరస్ ఇనుముతో కలిసి పెళుసు పొర కడుతుంది, మోటారు వణుకుకి టప్పున ఊడుతుంది. ఫాస్ఫరస్ లేని వెండి కడ్డీ, దానికి తగ్గ ఫ్లక్స్ (లోహం మీది పొరను తీసి అతుకు పట్టేలా చేసే మందు) వాడండి. ఖరీదే, ఏం చేస్తాం!

చిన్న టెర్మినల్ అయితే మామూలు 60/40 సోల్డర్ (60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం) చాలు. స్టీలును ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, ముందు దానికే పల్చగా సోల్డర్ పట్టించి, ఆ తర్వాత తీగ పెట్టండి. స్టెయిన్‌లెస్ మీద మామూలు రోజిన్ పేస్టు పనిచేయదు, యాసిడ్ ఫ్లక్స్ కావాలి. పనయ్యాక వేడినీళ్లతో శుభ్రంగా కడిగి ఆరబెట్టాలి. బద్ధకిస్తే మిగిలిన యాసిడ్ తీగను తినేస్తుంది.

కళింగపట్నం, బారువ వైపు ఉప్పుగాలి కదా, రాగి, స్టీలు నేరుగా తగిలిన చోట తడి చేరితే మామూలు స్టీలే ముందు తుప్పు పడుతుంది. అక్కడ తగరం పూత ఉన్న లగ్గు (తీగ చివర తొడిగే, నట్టు పట్టే కన్నం ఉన్న ముక్క) వేసి, నట్టు బిగించి, పైన వార్నిష్ పూయండి.