ఒంటిమీది వైర్‌లెస్ సెన్సర్లు – పాఠం 4: ముందు కరెంటు లెక్క

కిందటి పాఠంలో ఛాతీకి అతికించే ఈసీజీ ప్యాచ్‌లో ఏమేం భాగాలుంటాయో చూశాం. ఈసారి చిప్ కొనకముందే కాగితం మీద చేయాల్సిన పని: బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుందో లెక్కగట్టడం. ఇందులో చేయి తిరిగితే డిజైన్‌లో సగం నిర్ణయాలు వాటంతటవే తేలిపోతాయి. రోగి ఒంటిమీది ప్యాచ్ అర్ధరాత్రి ఆగిపోతే ఆ రాత్రి రికార్డు పోయినట్టే, అందుకే దీన్ని చివరికి వాయిదా వేయొద్దని గట్టిగా చెబుతున్నాను.

సీఆర్2032 కాయిన్ సెల్ తీసుకుందాం. సామర్థ్యం సుమారు 225 మిల్లీఆంపియర్ అవర్లు (దీన్ని లాగే మిల్లీఆంపియర్లతో భాగిస్తే ఎన్ని గంటలు వస్తుందో తెలుస్తుంది). ప్యాచ్ సెకనుకు 250 శాంపిళ్లు (గుండె సిగ్నల్ కొలతలు) తీస్తుంది, ఒక్కోటి 2 బైట్లు, అంటే సెకనుకు 500 బైట్లు. రేడియో ఆన్‌లో ఉన్నంతసేపూ 8 మిల్లీఆంపియర్లు, సెన్సర్ సర్క్యూట్ ఎప్పుడూ 0.1 లాగుతాయనుకోండి (మీ చిప్ డేటాషీట్‌లో, అంటే తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో ఉన్న అంకెలు వేసుకోండి, పద్ధతి ఇదే).

రేడియోని ఆపకుండా ఉంచితే 225ని 8.1తో భాగించాలి. 28 గంటలు కూడా రాదు. అదే డేటాని కాస్త పోగుచేసి, సెకనుకు 50 మిల్లీసెకన్లు మాత్రం రేడియోని లేపి పంపేసి మళ్లీ నిద్రపుచ్చితే దాని సగటు 0.4కి దిగుతుంది, సెన్సర్‌ది కలిపితే 0.5, అంటే 450 గంటలు, దాదాపు 19 రోజులు!

ఇంకో మెట్టు దిగుదాం. గుండె లయని ప్యాచ్‌లోనే లెక్కించి, 10 సెకన్లకోసారి 5 మిల్లీసెకన్లలో ఫలితం మాత్రమే పంపితే రేడియో వాటా 0.004. ప్రాసెసర్ పని పెరిగింది కాబట్టి దానికో 0.1 వేయండి. మొత్తం 0.204, సుమారు 46 రోజులు. ఇప్పుడు రేడియో అసలు సమస్యే కాదు, దాని మీద ఇంకా కుస్తీ పడితే దండగ. కానీ డాక్టరుకి అంకె ఒక్కటే సరిపోదు, లయ తప్పినప్పుడు తరంగం కూడా చూడాలి కదా? చివరి 30 సెకన్ల డేటా ఎప్పుడూ మెమరీలో ఉంచి, తేడా కనబడినప్పుడే పంపండి. 15,000 బైట్లే, చిన్న చిప్‌లో కూడా పడుతుంది. నాకు బాగా నచ్చే పద్ధతి ఇదే.

ఇక్కడిదాకా కాగితం లెక్క. ఒంటిమీద పెట్టగానే మారుతుంది, ఎందుకంటే ఒంట్లో ఉన్నది చాలావరకు నీరు, మన రేడియో వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్ని అది బాగా పీల్చేస్తుంది. ప్యాచ్ ఛాతీ మీద, ఫోన్ వెనక జేబులో ఉంటే ప్యాకెట్లు పోతాయి, పోయినవి మళ్లీ పంపాలి. మన రెండో పద్ధతిలో ఆ 50 మిల్లీసెకన్లు 100 అయితే చాలు, 19 రోజులు కాస్తా పదికి పడిపోతాయి. కాబట్టి టేబుల్ మీద పెట్టి కొలిచి సంబరపడొద్దు, ఒంటికి అతికించుకుని, అటు తిరిగి, పడుకుని కొలవండి. (శరీరం లోపల అమర్చే వాటికి 402–405 మెగాహెర్ట్జ్ బ్యాండ్ కేటాయించడానికి ఒక కారణం ఈ పీల్చుడే.)

ఇంకొకటి: రేడియో లేచిన క్షణంలో కాయిన్ సెల్ వోల్టేజి దిగుతుంది, సెల్ పాతబడేకొద్దీ మరీ ఎక్కువ. చార్జ్ మిగిలి ఉండగానే చిప్ రీసెట్ అవుతుందంటే చాలాసార్లు ఇదే కారణం. సెల్‌కి పక్కనే తగిన కెపాసిటర్ (కాస్త చార్జ్ దాచుకుని ఆ క్షణంలో అందించే భాగం) పెట్టండి.

అభ్యాసం: నిమిషానికోసారి ఉష్ణోగ్రత చూసి, 5 మిల్లీసెకన్లలో పంపే సెన్సర్‌కి ఇదే లెక్క కట్టండి. రేడియో 8 మిల్లీఆంపియర్లు, నిద్రలో చిప్ లాగేది 2 మైక్రోఆంపియర్లు. రెండింటిలో ఎవరి వాటా ఎక్కువో తేల్చుకుని రండి, 5వ పాఠం అక్కణ్ణుంచే మొదలుపెడదాం.