‘ఆపురా’ అనుడు ముందు మనం ఆపాలె

మా పెద్దోడు ఏడేండ్లప్పుడు కండ్లు టపటప కొట్టుడు మొదలువెట్టిండు. టీవీ ఎక్కువైందనుకున్న. కండ్ల డాక్టర్‌కు చూపెట్టిన, చూపు మంచిగనే ఉందన్నడు. మూడు నెలలకు కండ్లు ఆగి మెడ ఎగరేసుడు షురువైంది. ఆ వెనుక గొంతులకెళ్లి ‘హుం, హుం’. మా అత్తమ్మ దిష్టి తీసింది, ఐనవోలు మల్లన్నకు మొక్కింది. నాకు హనుమకొండల టైలరింగ్ షాపుంది. మిషిన్ మీద కూసోనే రోజుకు యాభై సార్లన్న ‘ఆపురా’ అని అరిచేదాన్ని. అరిచినకొద్దీ ఎక్కువైతుండె.

ఒకరోజు ఎందుకు చేస్తున్నవురా అని మెల్లగ అడిగిన. "కాలర్‌ల లేబుల్ గుచ్చుకున్నట్టు ఉంటదమ్మా, మెడ ఎగరేస్తె పోతది, మల్ల వస్తది" అన్నడు. టైలర్ బుద్ధి కదా, వాని అంగీలన్నిటి లేబుళ్లు విప్పేసిన. మెడ ఎగురుడు ఆగలే. గుచ్చుకునేది బట్టల లేదు, లోపలుంది. తుమ్ముకు ముందు ముక్కుల గులగుల లెక్క. కాసేపు ఆపుకుంటడు, కని ఎక్కువసేపు కాదు. బడిల బిగవట్టుకొని ఇంటికొచ్చినంక ఒక్కసారే బయటవడుతయి. "ఇంట్లనే చేస్తడు, నాటకం" అనుకునేది అందుకే.

వీటిని టిక్స్ అంటరు. శరీరం కదిలే టిక్స్ ఒకటికన్న ఎక్కువ, శబ్దం వచ్చేది కనీసం ఒక్కటి, ఏడాది దాటి ఉంటే టూరెట్ సిండ్రోమ్. 1885ల జిల్ ద లా టూరెట్ అనే ఫ్రెంచి డాక్టర్ దీని గురించి రాసిండు, ఆయన పేరే పెట్టిన్రు. ఏడాది కాకముందే భయపడకున్రి, శానా మంది పిల్లలకు అట్లనే వచ్చి పోతయి. బూతులు తిట్టుడే ఈ రోగం అనుకుంటరు, అది పదిమందిల ఒకరిద్దరికే.

డాక్టర్ దగ్గరికి పోయేముందు ఫోన్‌ల వీడియో తీసి పెట్టుకోన్రి. డాక్టర్ ముందర కూసుంటే ఒక్కటి గూడ రాదు, మనమే అబద్ధమాడినట్టయితది. మావానికి సంగతి చెప్పే తీసిన. పిల్లల డాక్టర్‌తోని మొదలువెట్టి, అవసరమైతే నరాల డాక్టర్ దగ్గరికి గాని మానసిక వైద్యుని దగ్గరికి గాని పోవాలె. దీన్ని తేల్చే రక్త పరీక్ష, స్కానింగ్ లేవు. పిలిచినా పలుకకుండ చూస్తనే ఉండిపోతే మాత్రం ఫిట్సేమో, ఆలస్యం చెయ్యొద్దు. నిలకడ లేకపోవుడు, చేసిందే మల్లమల్ల చేసుడు ఉంటే అదీ చెప్పాలె. టిక్స్ కన్న అవే ఎక్కువ సతాయిస్తయి కొందరిని.

మావానికి మందుల కన్న ముందు ఒక అలవాటు నేర్పిన్రు. మెడ ఎగరాలనిపించంగనే గదువ కొంచెం కిందికి దించి, మెడ మెల్లగ బిగవట్టి, ఆ గులగుల పోయేదాంక ఒక నిమిషం అట్లనే ఉండాలె. ‘హుం’ వచ్చేటట్టుంటే నోరు మూసి ముక్కుతోని నిదానంగ గాలి తీసుకోవాలె. నేర్సుకోనీకి వారాలు వట్టింది. రోజూ గుర్తుచేసి పానం తియ్యొద్దు, అదీ ‘ఆపురా’ అన్నట్టే. టిక్స్‌తోని నొప్పులు లేస్తే, బతుకు ఆగమైతే మందులున్నయి, ఆ మాట డాక్టర్‌దే.

బడి సంగతి. ఒక సారు మావాన్ని వరండాల నిలవెట్టిండు. కొట్లాడాలనే పోయిన, దారిల మనసు మార్చుకొని కాయితం మీద నాలుగు మాటలు రాసిచ్చిన: ‘కావాలని చేస్తలేడు. చూడనట్టు ఉండున్రి. ఆపుకోలేకపోతే ఐదు నిమిషాలు నీళ్లకు పంపున్రి. పరీక్షల వెనక బెంచి ఇయ్యున్రి.’ వరండా బందైంది. తక్కిన సార్లకు గూడ అదే కాయితం జిరాక్స్ తీసిచ్చిన.

నిద్ర తక్కువైనా, పరీక్షలొచ్చినా పెరుగుతయి. పెండ్లికి పోయే సంబురం గూడ పెంచుతది, గమ్మత్తు. చేతికి పనుంటే తగ్గుతయి. పది పన్నెండేండ్లప్పుడు జోరు మీదుండి, పెద్దగైనకొద్దీ శానా మందికి తగ్గుతయట. మావానికిప్పుడు పదకొండు.

మొన్న బతుకమ్మ గిరాకీల వాడు బ్లౌజులకు హుక్కులు కుడుతున్నడు. ‘హుం’ అన్నడు. "దగ్గా బాబూ?" అన్నదొకామె. "కాదు ఆంటీ, టిక్. నేను చేస్తలేను, అదే వస్తది" అన్నడు తల ఎత్తకుండ.

ఆమె "ఔనా" అని, బ్లౌజు సద్దులకైనా అందుతదా అని అడిగింది.