విదేశాల్లో కారు అద్దెకు తీసుకునేటప్పుడు బీమా ఒప్పందాన్ని ఎలా చదవాలి

హైదరాబాద్‌లో సొంత కారు నడిపేవారు బీమా గురించి ఏడాదికి ఒక్కసారి, రెన్యువల్ గడువు దగ్గరపడినప్పుడు ఆలోచిస్తారు. ఆ రోజు జీరో డెప్, అంటే విడిభాగాల తరుగుదల కోత లేకుండా చెల్లించే కవర్, తీసుకోవాలా వద్దా అన్నది తేల్చుకుంటే చాలు, మిగతాది చట్టమే చూసుకుంటుంది. థర్డ్ పార్టీ పాలసీ చెల్లుబాటులో ఉన్న కారు వల్ల ఎదుటివారు మరణించినా, గాయపడినా ట్రిబ్యునల్ నిర్ణయించే పరిహారానికి మన దేశంలో గరిష్ఠ పరిమితి అంటూ లేదు. ఎదుటివారి ఆస్తికి జరిగే నష్టానికి మాత్రం 7.5 లక్షల రూపాయల వరకు కవర్ ఉంటుంది. ఈ అలవాటుతోనే మనం డాలస్‌లోనో దుబాయ్‌లోనో అద్దె కారు కౌంటరు ముందు నిలబడి ‘ఫుల్ ఇన్సూరెన్స్ ఉందా’ అని అడుగుతాం, ‘ఉంది’ అనగానే సంతకం పెడతాం. ఆ ప్రశ్న సరిపోదు. ఎవరికి జరిగిన నష్టానికి కవర్ ఉంది, ఎంతవరకు ఉంది, ముందుగా డబ్బు కట్టేది ఎవరు అన్న మూడింటికీ జవాబు దొరికేదాకా అడగాలి.

ముందుగా కారు సంగతి. ఒప్పందంలో కొలిజన్ డ్యామేజ్ వేవర్, అంటే సీడీడబ్ల్యూ, అని కనిపించేది నిజానికి బీమా పాలసీ కాదు. కారు దెబ్బతింటే మీ నుంచి వసూలు చేసుకునే హక్కును ఒక పరిమితికి మించి వదులుకుంటామని అద్దె కంపెనీ ఇచ్చే మాట. ఆ పరిమితినే ఎక్సెస్ లేదా డిడక్టిబుల్ అంటారు. ఎక్సెస్ 1,500 యూరోలనుకుందాం. పార్కింగ్‌లో స్తంభానికి తగిలిన బంపర్ మరమ్మతుకు 900 యూరోలైతే, సీడీడబ్ల్యూ ఉన్నప్పటికీ ఆ 900 పూర్తిగా మీరే కట్టాలి. నష్టం 6,000 యూరోలైతే మీ వంతు 1,500 దగ్గర ఆగుతుంది. యూరప్‌లో మూల ధరలోనే సీడీడబ్ల్యూ కలిసి ఉండడం మామూలు, కాని ఎక్సెస్ పెద్దది. అమెరికాలో దీన్ని చాలాచోట్ల విడిగా కొనాలి, కొంటే సాధారణంగా ఎక్సెస్ ఉండదు. కారు మరమ్మతులో ఉన్నన్ని రోజులు కంపెనీ కోల్పోయే అద్దె, కారును లాక్కెళ్లే ఖర్చు, ఫైలు నడిపే రుసుము ఆ మాటలో ఉన్నాయో లేవో ఒప్పందంలోనే చూసుకోవాలి.

మామూలు సీడీడబ్ల్యూ చాలా ఒప్పందాల్లో టైర్లు, చక్రాల రిమ్ములు, అద్దాలు, కారు అడుగుభాగం, పైకప్పులను వదిలేస్తుంది. ఇది మనవాళ్లకు ప్రత్యేకంగా ముఖ్యం. కుడివైపు సీట్లో కూర్చుని నడపడానికి అలవాటుపడినవారు స్టీరింగ్ ఎడమవైపు ఉన్న కారులో కూర్చున్నప్పుడు, తమ కుడిపక్కన ఎంత కారు ఉందో మొదటి రోజుల్లో సరిగ్గా అంచనా కట్టలేరు. కారు తెలియకుండానే కుడి అంచుకు జరుగుతుంది, కుడివైపు రిమ్ము ఫుట్‌పాత్ అంచుకు రాసుకుంటుంది, కుడి సైడ్ మిర్రర్ పక్కన ఆగిన బండికి తగులుతుంది. దెబ్బ తగలడానికి ఎక్కువ అవకాశమున్నవీ, కవర్ లేనివీ ఒకటే అవుతున్నాయి కనుక, ఇలాంటి దేశాలకు మొదటిసారి వెళ్లేవారు టైర్లకూ అద్దాలకూ విడిగా ఇచ్చే కవర్ తీసుకోవడం సబబని నా అభిప్రాయం. ఐస్‌లాండ్‌లో కంకర రాళ్లకు ఒకటి, ఇసుక, బూడిద గాలులకు మరొకటి విడిగా అమ్ముతారు. వాగు దాటుతుండగా ఇంజన్‌లోకి నీరు చేరితే సాధారణంగా ఆ నష్టం మీదే.

ఇంతకన్నా చాలా పెద్ద విషయం ఎదుటివారికి జరిగే నష్టం. గీతల గురించి గంటసేపు ఆలోచించేవారు కూడా దీన్ని అడగరు, అందుకే నొక్కి చెబుతున్నాను. యూరప్ దేశాల్లో ఈ కవర్ చట్టప్రకారం అద్దెలోనే ఉంటుంది కాబట్టి అక్కడ దిగులు తక్కువ. అమెరికాలో రాష్ట్రానికో కనీస మొత్తం ఉంది. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన కనీస పరిమితి ఒక వ్యక్తి గాయాలకు 30,000 డాలర్లు, ఒక ప్రమాదంలో గాయపడినవారందరికీ కలిపి 60,000, ఆస్తి నష్టానికి 15,000. అక్కడి ఆస్పత్రి ఖర్చులు తెలిసినవారికి ఆ 30,000 ఎంత త్వరగా కరిగిపోతాయో చెప్పనక్కరలేదు. ఆపైన తేలిన మొత్తానికి నడిపినవారే బాధ్యులు. కొన్ని ఒప్పందాల్లో ఈ కనీస మొత్తం కూడా ఉండదు. కనుక అమెరికాలో సప్లిమెంటల్ లయబిలిటీ కవర్, అంటే ఎదుటివారి నష్టానికి ఈ కనీస మొత్తానికి మించి ఇచ్చే అదనపు కవర్, లేకుండా కారు తాళాలు తీసుకోవద్దు. ఖర్చు తగ్గించుకోవాలంటే చిన్న కారు తీసుకోండి, దీన్ని మాత్రం తగ్గించుకోవద్దు.

బుకింగ్ చేసే తీరు కూడా ఇక్కడ ముడిపడి ఉంది. అమెరికాలో ఉన్న అబ్బాయో అమ్మాయో అక్కడి చిరునామాతో అమ్మానాన్నల పేరున బుక్ చేస్తే ధర తక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడివారికి సొంత కారు పాలసీ ఉంటుందని భావించి కంపెనీలు కవర్ కలపని ధర చూపిస్తాయి. నివాస దేశం భారత్ అని ఎంచుకుని బుక్ చేస్తే, డ్యామేజ్ వేవర్, అదనపు లయబిలిటీ రెండూ కలిసిన ధరలు తరచుగా దొరుకుతాయి. రెండు ధరలనూ పక్కపక్కన పెట్టి, ఏది దేనితో వస్తుందో చదివాకే పోల్చాలి. పిల్లల క్రెడిట్ కార్డుతో కడితే కార్డు కవర్ వస్తుందనుకోవడం కూడా సరికాదు. ఆ కవర్ సాధారణంగా కార్డుదారుడే ఒప్పందంలో ప్రధాన డ్రైవర్‌గా ఉన్నప్పుడే వర్తిస్తుంది, అదీ కారుకే గాని ఎదుటివారికి కాదు.

ధరలు పోల్చి చూపే వెబ్‌సైట్లు అమ్మే ‘ఫుల్ ప్రొటెక్షన్’ విషయంలో మూడో ప్రశ్న, ముందుగా డబ్బు కట్టేది ఎవరు అన్నది, అవసరమవుతుంది. కౌంటరులో కొన్న జీరో ఎక్సెస్ అయితే, షరతుల ప్రకారం నడిపినంతవరకు అద్దె కంపెనీ మిమ్మల్ని అడగదు. వెబ్‌సైటు దగ్గర కొన్నదైతే కంపెనీ మీ కార్డు నుంచి ముందు డబ్బు తీసుకుంటుంది, మీరు రసీదులు పంపి తరువాత తిరిగి రాబట్టుకోవాలి. ఇది చవకే, మోసమూ కాదు, కాని కార్డులో అంత లిమిట్ ఉండాలి, ఓపికా ఉండాలి.

ఇక మన దగ్గర ఇప్పటికే ఉన్న పాలసీలు. ఇంట్లోని కారు బీమా అద్దె కారుకు పనికిరాదు. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో పర్సనల్ లయబిలిటీ, అంటే మీ వల్ల ఇతరులకు జరిగే నష్టానికి కవర్, అని ఉంటుంది గాని, మోటారు వాహనం నడపడం వల్ల వచ్చే బాధ్యతను అది సాధారణంగా మినహాయిస్తుంది. మీ సొంత వైద్య ఖర్చులకు మాత్రం ట్రావెల్ పాలసీయే ఆధారం. అందులో తగినంత మొత్తం ఉంటే కౌంటరులో కారులో ఉన్నవారి గాయాల కోసం అమ్మే పర్సనల్ యాక్సిడెంట్ కవర్ వదిలేయవచ్చు.

ఎంత డబ్బు పెట్టి కొన్న కవర్ అయినా కొన్ని పనులతో రద్దవుతుంది. ఒప్పందంలో పేరు లేని బావగారో తమ్ముడో కాసేపు స్టీరింగ్ పట్టుకోవడం వీటిలో మొదటిది, కనుక నడపబోయే ప్రతివారి పేరూ ముందే రాయించాలి. మద్యం తాగి నడపడం, నిషేధించిన మట్టిరోడ్డు మీదికి వెళ్లడం, అనుమతి లేకుండా సరిహద్దు దాటడం కూడా అంతే. దుబాయ్ కారులో ఒమన్ వెళ్లాలంటే కంపెనీ అనుమతి పత్రం, అక్కడ చెల్లే బీమా కావాలి. అమెరికా లయబిలిటీ కవర్ మెక్సికోలో చెల్లదు. లైసెన్సు చెల్లుబాటూ ఇందులో భాగమే. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌ను తెలంగాణ రవాణా శాఖ ద్వారా తీసుకోవచ్చు, అది ఏడాది పాటు చెల్లుతుంది. అయితే దాంతో పాటు అసలు లైసెన్సు కార్డు చేతిలో ఉండాలి.

కౌంటరు దగ్గర డిపాజిట్ నిమిత్తం ప్రధాన డ్రైవర్ పేరున ఉన్న క్రెడిట్ కార్డు అడుగుతారు. ఫారెక్స్ ప్రీపెయిడ్ కార్డును చాలాచోట్ల ఒప్పుకోరు. సంతకానికి ముందు ప్రతి కవర్ ఎదుట అంగీకరించారా, నిరాకరించారా అన్న గడిని చూడండి, మీరు బుక్ చేసినప్పటి పత్రంతో అది సరిపోవాలి. పార్కింగ్‌లో కారు కదిలించక ముందే నాలుగు చక్రాలు, ముందు అద్దం, బంపర్ల కింది అంచులు, మీటరు కనిపించేలా వీడియో తీసి, ముందే ఉన్న గీతలను కంపెనీ కాగితం మీద రాయించండి. ప్రమాదం జరిగితే పోలీసు రిపోర్టు తీసుకోండి. యూఏఈలో అది లేకుండా గ్యారేజీలు మరమ్మతు మొదలుపెట్టవు, మిగతా దేశాల్లోనూ చాలా ఒప్పందాలు దాన్ని అడుగుతాయి. కారు అప్పగించేటప్పుడు నష్టం లేదని రాసిన కాగితం తీసుకుని, డిపాజిట్ పూర్తిగా విడుదలై రెండు కార్డు స్టేట్‌మెంట్లు వచ్చేదాకా ఆ కాగితాన్నీ వీడియోలనూ తీసేయకండి, ఎందుకంటే టోలు, ట్రాఫిక్ జరిమానాలు, మరమ్మతు బిల్లులు మీరు శంషాబాద్‌లో దిగిన వారాల తరువాత కూడా అదే కార్డు మీద పడవచ్చు.