వర్చువల్ మెషీన్ ఏ సర్వర్‌పై నడవాలో నిర్దేశించడం: ప్లేస్‌మెంట్ నియమాలు రాసే పద్ధతి

క్లస్టర్‌లో, అంటే కలిసి పనిచేసే సర్వర్ల సమూహంలో, ఏ వర్చువల్ మెషీన్ (సాఫ్ట్‌వేర్ రూపంలోని కంప్యూటర్) ఏ హోస్టుపై (దాన్ని నడిపే భౌతిక సర్వర్‌పై) నడవాలన్నది మామూలుగా షెడ్యూలరే (ఆ పంపకం చేసే సాఫ్ట్‌వేర్ భాగమే) నిర్ణయిస్తుంది. అది ప్రధానంగా ప్రాసెసర్, మెమొరీ లెక్కలనే చూస్తుంది. డొమైన్ కంట్రోలర్లు (వినియోగదారుల లాగిన్‌లను ధ్రువీకరించే సర్వర్లు) రెండూ ఒకే హోస్టుపైకి చేరితే వచ్చే ప్రమాదం గానీ, ఒక సాఫ్ట్‌వేర్ లైసెన్సు కొన్ని సర్వర్లకే వర్తిస్తుందన్న సంగతి గానీ దానికి తెలియదు కాబట్టి, వాటిని నియమాల రూపంలో చెప్పవలసింది నిర్వాహకుడే. అయితే రాసిన ప్రతి నియమమూ షెడ్యూలర్‌కు ఉన్న దారుల్లో ఒకదాన్ని మూసివేస్తుంది. ఆ దారి అవసరమయ్యేది సాధారణంగా ఒక హోస్టు పడిపోయినప్పుడే. అందువల్ల నియమాలు ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది.

కన్సోల్ (నిర్వహణ తెర) తెరవడానికి ముందే ప్రతి నియమానికీ కారణాన్ని కాగితంపై రాసుకోవాలి. వేరు చేయడానికి గల కారణాలు చాలావరకు బలమైనవే. ఉదాహరణకు మూడు సభ్యులున్న ఈటీసీడీ (ఒకే డేటాను పలు మెషీన్లపై ఉంచే డేటా నిల్వ సాఫ్ట్‌వేర్) క్లస్టర్ పనిచేయాలంటే కనీసం ఇద్దరు సభ్యులు బతికి ఉండాలి; వారిలో ఇద్దరు ఒకే హోస్టుపై ఉంటే ఆ ఒక్క హోస్టు పోయినా ఆ ఈటీసీడీ క్లస్టర్ మొత్తం ఆగిపోతుంది. భౌతిక కోర్ల లెక్కన లైసెన్సు కొన్న డేటాబేసును నిర్ణీత హోస్టులకే పరిమితం చేయడం కూడా సమంజసమే. రెండు మెషీన్లను కలిపి ఉంచాలన్న కోరిక మాత్రం తరచుగా బలహీనంగా ఉంటుంది. ఒకే హోస్టుపై, ఒకే వర్చువల్ నెట్‌వర్క్‌లో ఉన్న మెషీన్ల మధ్య ట్రాఫిక్ భౌతిక నెట్‌వర్క్ కార్డు దాటి వెళ్లనవసరం లేదన్నది నిజమే గానీ, ఆ ట్రాఫిక్ నిజంగా భారీగా ఉందని కొలిచి చూసిన తర్వాతే అటువంటి నియమం రాయాలి.

వర్చువల్ మెషీన్లను నడిపే వేదిక అయిన వీఎంవేర్ వీస్ఫియర్‌లో ఈ పనికి డీఆర్‌ఎస్ (మెషీన్లను హోస్టుల మధ్య సర్దే దాని షెడ్యూలర్) ఆన్ చేసి ఉండాలి. క్లస్టర్‌ను ఎంచుకొని, కాన్ఫిగర్ ట్యాబ్‌లోని వీఎం/హోస్ట్ గ్రూప్స్ వద్ద మెషీన్లకు ఒక గ్రూపును, హోస్టులకు మరొక గ్రూపును సృష్టించాలి. ఆ తర్వాత వీఎం/హోస్ట్ రూల్స్ వద్ద ఆ రెండింటినీ జోడించాలి. మెషీన్లను ఒకదాని నుంచి మరొకదాన్ని వేరుగా ఉంచడమే ఉద్దేశమైతే గ్రూపులు అక్కరలేదు. సెపరేట్ వర్చువల్ మెషీన్స్ అన్న రకాన్ని ఎంచుకొని, వాటి పేర్లు చేర్చితే చాలు. రెండు వీఎం-వీఎం (మెషీన్లకూ మెషీన్లకూ మధ్య) నియమాలు పరస్పరం విరుద్ధంగా ఉంటే పాతది నిలిచి, కొత్తది నిలిపివేతకు గురవుతుంది. డీఆర్‌ఎస్ ఫుల్లీ ఆటోమేటెడ్ స్థితిలో ఉంటే, మైగ్రేషన్ థ్రెషోల్డ్‌ను (మెషీన్లను ఎంత చురుగ్గా తరలించాలో చెప్పే అమరికను) అత్యంత సంయమన స్థాయిలో పెట్టినా నియమ ఉల్లంఘనలను సరిదిద్దే కదలికలు జరుగుతాయి. మాన్యువల్ స్థితిలో ఉంటే సిఫారసు మాత్రమే కనిపిస్తుంది, దాన్ని అమలు చేయవలసింది మనమే.

అసలు జాగ్రత్త అవసరమయ్యేది మెషీన్ గ్రూపును హోస్టు గ్రూపుకు జోడించేటప్పుడు మస్ట్, షుడ్ అనే రెండు ఎంపికల మధ్యనే. షుడ్ అంటే వీలైనంతవరకు పాటించమని చెప్పడం. మస్ట్ అంటే ఏ పరిస్థితిలోనూ దాటవద్దని చెప్పడం. దాన్ని డీఆర్‌ఎస్ మాత్రమే కాదు, హోస్టు పడిపోయినప్పుడు మెషీన్లను వేరే చోట తిరిగి లేపే హెచ్‌ఏ కూడా పాటిస్తుంది. ఎనిమిది హోస్టులు నాలుగేసి చొప్పున రెండు ర్యాకుల్లో (సర్వర్లను అమర్చే అరల్లో) ఉన్నాయనుకుందాం. ప్రధాన డేటాబేసును మొదటి ర్యాకుకు మస్ట్ నియమంతో కట్టివేస్తే, ఆ ర్యాకుకు విద్యుత్తు పోయిన రోజున రెండో ర్యాకులో ఎంత ఖాళీ ఉన్నా డేటాబేసు లేవదు. అదే నియమాన్ని షుడ్‌గా రాసి ఉంటే హెచ్‌ఏ దాన్ని రెండో ర్యాకులో లేపుతుంది, మొదటి ర్యాకు తిరిగి వచ్చిన తర్వాత డీఆర్‌ఎస్ వెనక్కి తరలిస్తుంది. నా అభిప్రాయంలో మస్ట్ నియమానికి న్యాయమైన చోటు లైసెన్సు ఒప్పందం వంటి, దాటితే సాంకేతికేతర నష్టం కలిగే సందర్భాలే. అక్కడ కూడా హోస్టు గ్రూపులో ఒక హోస్టు తగ్గినా మిగిలినవి భారాన్ని మోయగలిగేటంత సామర్థ్యం ఉంచాలి. ఇంకొక సంగతి: డీఆర్‌ఎస్‌ను ఆపివేసినంత మాత్రాన మస్ట్ నియమాలు రద్దు కావు. అవి కన్సోల్‌లో కనిపించకుండానే అమలులో కొనసాగుతాయి. కాబట్టి డీఆర్‌ఎస్‌ను ఆపే ముందే వాటిని తొలగించాలి.

వేరుగా ఉంచే నియమానికి హోస్టుల సంఖ్య కూడా సరిపోవాలి. మూడు మెషీన్లు, మూడు హోస్టులు ఉన్న చోట ఈ నియమం పెడితే, నిర్వహణ కోసం ఒక హోస్టును ఖాళీ చేయబోయినప్పుడు దానిపై ఉన్న మెషీన్‌కు వెళ్లే చోటు ఉండదు, పని మధ్యలో నిలిచిపోతుంది. నాలుగో హోస్టు ఉండాలి, లేదా నిర్వహణ సమయంలో నియమాన్ని తాత్కాలికంగా నిలిపివేసే అలవాటు ఉండాలి. పైగా ఈ నియమం హోస్టులను మాత్రమే చూస్తుంది, స్టోరేజీని చూడదు. వేర్వేరు హోస్టులపై ఉన్న రెండు ప్రతిరూపాల డిస్కులూ ఒకే డేటాస్టోర్‌లో (స్టోరేజీ స్థలంలో) ఉంటే వేరుచేసిన ఫలితం సగమే దక్కుతుంది. ఆ లోటును పూరించడానికి స్టోరేజ్ డీఆర్‌ఎస్‌లో విడిగా నియమాలు ఉన్నాయి.

ఓపెన్‌స్టాక్ అనే ఓపెన్ సోర్స్ క్లౌడ్ వేదికలో దృష్టి వేరు. ఇక్కడ వినియోగదారు చేతిలో సర్వర్ గ్రూప్ (మెషీన్ల గుంపు) ఉంటుంది, నిర్వాహకుడి చేతిలో హోస్ట్ అగ్రిగేట్ (హోస్టుల గుంపు) ఉంటుంది. సర్వర్ గ్రూప్‌కు అఫినిటీ (కలిపి ఉంచడం), యాంటీ-అఫినిటీ (వేరుగా ఉంచడం), వాటి సాఫ్ట్ (వీలైనంతవరకే పాటించే) రూపాలు కలిపి నాలుగు విధానాలున్నాయి. మెషీన్‌ను గ్రూపులో చేర్చడం దాన్ని సృష్టించే సమయంలోనే జరగాలి. నడుస్తున్న మెషీన్‌ను తర్వాత చేర్చలేము. కఠినమైన యాంటీ-అఫినిటీకి తగినన్ని హోస్టులు లేకపోతే నో వాలిడ్ హోస్ట్ అన్న లోపంతో సృష్టి విఫలమవుతుంది.

అగ్రిగేట్ విషయంలో చాలామంది పొరబడే అంశం ఒకటి ఉంది. జీపీయూ (గ్రాఫిక్స్ ప్రాసెసర్) ఉన్న హోస్టులను ఒక అగ్రిగేట్‌లో పెట్టి, దానికి ఒక మెటాడేటా గుర్తునిచ్చి, అదే గుర్తును జీపీయూ ఫ్లేవర్‌కు (మెషీన్ వనరులను నిర్ణయించే నమూనాకు) కూడా ఇచ్చి, సంబంధిత ఫిల్టర్‌ను షెడ్యూలర్‌లో చేర్చితే ఆ ఫ్లేవర్ మెషీన్లు ఆ హోస్టులకే వెళ్తాయి. కానీ గుర్తు లేని మామూలు ఫ్లేవర్లు ఆ ఖరీదైన హోస్టులపైకి రాకుండా ఇది ఆపదు. ఆపాలంటే మిగిలిన హోస్టులకు మరొక గుర్తును ఇచ్చి, మిగిలిన ఫ్లేవర్లన్నింటికీ దాన్ని జోడించాలి. అంతేగాక అగ్రిగేట్‌లో మార్పులు చేసినా నడుస్తున్న మెషీన్లను నోవా (ఓపెన్‌స్టాక్‌లో మెషీన్లను నిర్వహించే భాగం) తనంత తానుగా తరలించదు; వాటిని లైవ్ మైగ్రేషన్ (ఆపకుండానే తరలించడం) ద్వారా మనమే కదిలించాలి.

ప్రాక్స్‌మాక్స్ అనే మరో వర్చువలైజేషన్ వేదికలో 9.0 నుంచి పాత హెచ్‌ఏ గ్రూపుల స్థానంలో నోడ్ అఫినిటీ (మెషీన్‌ను హోస్టులకు జోడించేది), రిసోర్స్ అఫినిటీ (మెషీన్లను కలిపి లేదా వేరుగా ఉంచేది) నియమాలు వచ్చాయి. అవి హెచ్‌ఏ పరిధిలో చేర్చిన మెషీన్లకే వర్తిస్తాయి. నోడ్ అఫినిటీలోని స్ట్రిక్ట్ ఎంపికకు పైన చెప్పిన మస్ట్ హెచ్చరికే వర్తిస్తుంది.

నియమాలు రాసిన తర్వాత ఒక్కొక్క హోస్టునే వరుసగా మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టి, దానిపై ఉన్న మెషీన్లన్నీ వేరే హోస్టులకు తరలుతున్నాయో లేదో చూడాలి. ఎక్కడైనా ఆగితే కారణం చాలాసార్లు మరచిపోయిన కఠిన నియమమో, హోస్టుల మధ్య ప్రాసెసర్ తరాల తేడానో అయి ఉంటుంది. నియమం పేరులోనే దాని కారణం తెలిసేలా రాసి, కొత్త హోస్టు చేరిన ప్రతిసారీ దాన్ని ఏ గ్రూపులో చేర్చాలో నిర్ణయించాలి. వీస్ఫియర్ క్లస్టర్ నుంచి ఒక మెషీన్‌ను తీసి తిరిగి చేర్చితే దాని గ్రూపు సభ్యత్వం పోతుంది కాబట్టి, ఆ సమయంలో సభ్యుల జాబితాను మళ్లీ సరిచూడాలి.